స్వాగత గీతం

పప్పులో పోపు వేస్తుండగా హాల్లోంచి మా వారి గొంతు వినబడింది. "కామూ, ఆర్కైవ్ అమ్మాయి వచ్చింది. సబ్‌టైటిల్స్‌కి కాస్త హెల్ప్ చెయ్యి. నీకెంత, పది నిమిషాల పని!"

యాభై ఏళ్ళుగా నా పనులన్నీ పది నిమిషాలవే. పెళ్ళైన కొత్తలో మా వారు వాసుదేవరావుగారు ఒక దూరపు దీవి మనుషుల మీద డాక్యుమెంటరీ సినిమా తీశారు. అక్కడున్న మూడు నెలలూ ఆయనకీ కెమెరామాన్‌కీ వండిపెట్టాను, రికార్డర్ భుజాన మోశాను, మైక్ పట్టుకున్నాను. అక్కడి ఆడవాళ్ళు పరాయి మగాళ్ళతో మాట్లాడరు. వాళ్ళ పక్కన కూర్చుని భాష నేర్చుకున్నదీ నేనే. సినిమాలో నా పేరు లేదు. అడిగితే, "మొగుడూ పెళ్ళాల మధ్య పేర్లేమిటే?" అని నవ్వారు. ఆయన పేరు మాత్రం రెండుసార్లు పడుతుంది.

ఇప్పుడు ఆ సినిమాని బాగుచేసి షికాగోలో మళ్ళీ వేస్తారట. అందుకే పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవ్ నుంచి హంసిక అనే ఆ అమ్మాయి పాత టేపులన్నీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుని ఆ ఊరి శివారు నేపర్‌విల్‌లోని మా ఇంటికి వచ్చింది. అందరూ మెచ్చుకునే సీను పెట్టింది. ఒక ముసలామె చేతులూపుతూ పాడుతుంది. అతిథులకు స్వాగత గీతం అంటుంది మా వారి వ్యాఖ్యానం. ఎన్ని హాళ్ళలో ఆ మాట విని నేనూ చప్పట్లు కొట్టానో!

"ఆంటీ, ఇది ఎడిట్ చెయ్యని టేప్. సాంగ్ మధ్యలో తెలుగు వస్తోంది. ఈ లేడీ వాయిస్ మీదేనా?"

ఇరవై రెండేళ్ళ నా గొంతు. సిగ్గుతో ఒళ్ళంతా మండింది.

"అవి మా ఇంటి మాటలమ్మా, వదిలెయ్," అన్నారాయన, నా వంక చూస్తూ. ఆ చూపుకి నేను ఎన్నోసార్లు వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"రాసుకో హంసికా. ముందు నా పేరు పెట్టు. కామేశ్వరి: 'ఇది పాట కాదండీ. మనవరాలు పోయిందట, ఏడుస్తోంది. కెమెరా ఆపమంటోంది.' తర్వాతది అంకుల్: 'నీకెందుకు? మైక్ దగ్గరగా పెట్టు.'"

"కామూ!" అన్నారాయన.

హంసిక ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. టేపు ఇంకా నడుస్తూనే ఉంది.

"ఆంటీ, ఇక్కడ్నుంచి ఆమె వాయిస్ లౌడ్ అయింది. ఎందుకు?"

"మైక్ ఆమె నోటి దగ్గర పెట్టానమ్మా. అదీ రాసుకో."