డొరీన్ పేరు మీద కాఫీ

గురువారం పొద్దున వంటింటి సొరుగులో డొరీన్ ఫోను గుర్రుమంది. డొరీన్ నా భార్య. మార్చిలో పోయింది. ఇది జరిగింది నవంబరులో.

చచ్చిపోయిన మనిషి ఫోనుకి రోజూ ఛార్జింగ్ ఎందుకని అడక్కండి. పెడతాను, అంతే. తీసి చూశాను. పీచ్ స్ట్రీట్ డోనట్ల కొట్టులో ఆమె క్రెడిట్ కార్డు మీద చెల్లింపు జరిగిందట. బ్యాంకు వాళ్ళు ఆమెకి ధన్యవాదాలు కూడా చెప్పారు.

ముందు దొంగ అనుకున్నాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఒంట్లో బాగున్నన్నాళ్ళూ డొరీన్ ప్రతి గురువారం ఆ కొట్టుకే వెళ్ళేది. దొంగకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వెనక్కి జరిపి చూశాను. ప్రతి గురువారం ఉంది. ఇన్నాళ్ళూ ఆ వేళకి నేను టైర్ల షాపులో ఉండేవాణ్ణి. ఈ నెల నుంచి గురువారాలు పని తగ్గించారు కాబట్టి ఇంట్లో ఉన్నాను, వినపడింది. ఆమెని పూడ్చిన వారం కూడా ఎవరో కాఫీ తాగారు.

కార్డు పోయిన సంగతి బ్యాంకుకి చెప్పాల్సింది. కార్డు కాదు, మనిషి పోయిన సంగతి. చెప్పలేదు. దానికి కారణం ఉంది. నా పేరు మీద ఉన్నవన్నీ ఎప్పుడో పాడయ్యాయి. వాయిదాలు తప్పానని అప్పటి ట్రక్కు పట్టుకుపోయారు, ఆస్పత్రి బిల్లులు వసూలు కంపెనీల చేతికి వెళ్ళాయి. డొరీన్ మాత్రం పద్దెనిమిదేళ్ళలో ఒక్క నెల కూడా తప్పలేదు. తన కార్డు ఖాతాకి నా పేరూ తగిలించింది. ఆమె మంచితనం నా లెక్కలో కూడా పడేది. అప్పులు సరిగ్గా కడతానో లేదో చెప్పే నా క్రెడిట్ స్కోరు నిలబడిందంటే ఆమె నీడలోనే. బిల్లు మా ఖాతాలోంచి దానంతటదే కట్టుకుపోయేది. నేను కాగితం విప్పి చూసిన పాపాన పోలేదు.

ఇంటి యజమాని ముసలాయన మా అద్దె ఇంటిని వేరే రాష్ట్రంలో ఉన్న కంపెనీకి అమ్మేశాడు. డిసెంబరు ఆఖరుకి కొత్త ఒప్పందం రాసుకోవాలి, దానికి స్కోరు చూస్తారు. తగ్గితే బయటికి. పద్నాలుగేళ్ళుగా వేళకి అద్దె కట్టాను. దాన్ని ఎవడూ లెక్కలో వెయ్యడు.

మర్నాడు షాపులో టెర్రిల్‌ని అడిగాను. వాడికి తొమ్మిది కార్డులు. సెలవులన్నీ కార్డులు వాడితే వచ్చే పాయింట్ల మీదే తిరుగుతాడు.

"పరపతి సంఘంలో డిపాజిట్ కట్టి కార్డు తీసుకోమంటున్నారు. స్కోరు మళ్ళీ లేస్తుందట."

"ఒరే వెర్న్, ఆ కార్డంటే ఏంటో తెలుసా? నీ డబ్బు వాళ్ళకిచ్చి, అదే డబ్బు వాళ్ళ దగ్గర అప్పు తీసుకుని, పైగా వాళ్ళకే దండం పెట్టడం. పాయింట్లు సున్నా. డొరీన్ కార్డుందిగా! పెట్రోలు దాని మీద కొట్టించు, సరుకులు దాని మీద తెచ్చుకో. వేసవికల్లా ఫ్లోరిడాలో ఇసక మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటావ్."

"ఎవరితో కూర్చోను?"

టెర్రిల్ బోల్టులు విప్పే గన్ను అందుకున్నాడు.

మధ్యాహ్నం పరపతి సంఘానికి వెళ్ళాను. అక్కడ ఒపల్ అనే ఆవిడ కంప్యూటర్లో నా బతుకు అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ ఆవిడ కార్డు ఖాతా తీసేస్తే, మీ పేరు మీద బతికున్నది ఒక్కటీ లేదండీ. అన్నీ మూసేసినవీ, ఎగ్గొట్టినవీను."

"ఆవిడదో?"

"ఆవిడది ముత్యం. ఒకసారి తీసుకురండి, పక్కన ఆవిడ సంతకం ఉంటే డిపాజిట్ లేకుండానే ఇప్పిస్తా."

"పని మీద ఉంది" అన్నాను.

చచ్చినావిడ వాళ్ళ లెక్కలో నిండు నూరేళ్ళు బతుకుతోంది. ఎదురుగా కూర్చున్న నేను లేను. డిపాజిట్ కాగితాలు జేబులో పెట్టుకుని లేచాను.

తర్వాతి గురువారం డోనట్ల కొట్టుకి వెళ్ళాను. మంచు అడ్డంగా కొడుతోంది. కిటికీ పక్క బల్ల దగ్గర డొరీన్ తల్లి వాండా ఉంది. ఎదురుగా ఖాళీ కుర్చీ. బల్ల మీద రెండు కప్పులు.

మా అత్తకీ నాకూ మాటల్లేవు. సమాధి దగ్గర కూడా ఆవిడ పాదరీతో మాట్లాడింది గాని నాతో కాదు.

"కూర్చోకు, ఆ కుర్చీ దానిది" అంది. నిలబడే అడిగాను.

"కార్డు నీ దగ్గరుందా అత్తా?"

"అదే ఇచ్చింది. నేను లేవలేనమ్మా, నువ్వు గురువారం మాత్రం మానకు, ఖర్చు నాది అంది. దొంగతనం అంటావా? పోలీసుల్ని పిలుచుకో. మొగుడిగా ఒక్క పనైనా చేసినట్టుంటుంది."

"అత్తా, డొరీన్ పోయింది."

"పూడ్చింది నేనురా. నాకు చెప్తున్నావా?" వాండా కప్పు చుట్టూ చేతులు చుట్టింది. "కానీ ఆ మిషను చూడు, గీకితే సరేనంటుంది. వారానికి ఒకసారి నా కూతురి పేరు పిలిస్తే ఇంకా ఎవరో పలుకుతున్నారు. నీ ఇంట్లో ఏముంది అలా పలికేది?"

సొరుగులో ఫోను సంగతి నేను చెప్పలేదు.

డొరీన్ పేరుకి బ్యాంకు నుంచి పోస్టులో వచ్చిన కొత్త కార్డు కవరు బయటికి తీశాను. పాతది ఈ నెలాఖరుతో సరి. కొత్తదానికి ప్రాణం పోయాలంటే డొరీన్ స్వయంగా ఫోన్ చేసి మాట్లాడాలి. ఆ సంగతి చెప్పి, కార్డు ఆగితే నా స్కోరు పడి ఇల్లు పోతుందని కూడా చెప్పాను. వాండా కవరు అందుకుని దాని మీద పేరు చదివింది.

"ఫోనులో నన్నూ దాన్నీ దాని నాన్న కూడా పోల్చుకోలేకపోయేవాడు" అంది.

నా డొక్కు ట్రక్కులో కూర్చుని డొరీన్ ఫోనులోంచే చేశాం. అద్దాల మీద మంచు పేరుకుని లోపల చీకటిగా ఉంది. అవతల ఎవడో కుర్రాడు హుషారుగా పలకరించాడు. వాండా గొంతు సవరించుకుంది.

"అవునండీ. డొరీన్‌నే."

అదే గొంతు. మాట చివర నవ్వు ఆపుకుంటున్నట్టు లాగడం, అది కూడా అదే. పక్కకి తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

"భద్రత కోసం అడుగుతున్నా, మీ అమ్మగారి పుట్టింటి పేరు చెప్పండి."

"గుర్స్కీ" అంది డొరీన్ గొంతు. తన పుట్టింటి పేరు తనే, కూతురి నోటితో.

"మీకు చాలా పాయింట్లు ఉన్నాయండీ. ఈ రోజే వాడేస్తారా?"

"వద్దు. మా ఆయన కోసం దాచాను. ఆయన సముద్రం చూడలేదు."

ఫోను పెట్టేశాక వాండా తలుపు తెరవబోయింది. చేయి పట్టుకుని ఆపాను. "సముద్రం మాట డొరీన్ నీతో చెప్పిందా?"

"ఏమో" అంది. ఇంకా తన గొంతులోకి రాలేదు. "నోట్లోకి వచ్చింది."

ఆ సాయంత్రం ఇంట్లో నా ఫోను మోగింది.

"వెర్న్, తిన్నావా?"

వాండా అని తెలుసు. తెలిసీ "తిన్నాను" అన్నాను. "ఏం తిన్నావ్?" అంది. డబ్బా సూపు అంటే నాలిక చప్పరించింది, డొరీన్ చప్పరించినట్టే. రెండో రోజూ చేసింది. మూడో రోజు నేను మధ్యాహ్నం నుంచే ఫోను పక్కన కూర్చున్నాను. కొత్త కార్డు బల్ల మీద ఉంది. ఇల్లు దక్కుతుంది, మాటా దక్కుతుంది, ఎవడికేం నష్టం అనుకున్నాను.

"ఎక్కడున్నావ్?" అని అడిగాను ఆ రోజు. అడక్కుండా ఉండాల్సింది.

"ఇక్కడ చలిగా ఉంది వెర్న్. దుప్పటి తీసుకురా."

అలమారలోంచి దుప్పటి తీశాను, కోటు వేసుకున్నాను, ట్రక్కు తీశాను. వాండా ఉండేది మా ఇంటికి ఎడమ పక్క, ముసలివాళ్ళ అపార్ట్‌మెంట్లలో. నేను కుడికి తిరిగాను. మూసేసిన శ్మశానం గేటు మీద లైట్లు పడేదాకా నాకు తెలియలేదు. ఒళ్ళో దుప్పటి ఉంది. ఇంజను ఆపి దిగబోతున్నాను కూడా.

వెనక్కి తిప్పి వాండా దగ్గరికి వెళ్ళాను. తలుపు గడియ లేదు. కిటికీ బార్లా తెరిచి, డొరీన్ నీలం స్వెట్టర్ ఒక్కటే వేసుకుని కూర్చుంది. మంచు గదిలోకి పడుతోంది. పెదాలు నల్లబడ్డాయి. కిటికీ మూసి దుప్పటి కప్పాను.

"అత్తా!"

పలకలేదు.

"వాండా!"

పలకలేదు. ఏ పేరుతో పిలిస్తే పలుకుతుందో నాకు తెలుసు. పిలవలేదు. ఆవిడ చేతులు రుద్దుతూ కూర్చున్నాను. చాలాసేపటికి "నువ్వా?" అంది విసుగ్గా, తన గొంతుతో. ఆ విసుగు వింటే ఏడుపొచ్చింది.

సోమవారం మరణ ధ్రువపత్రం నకలు బ్యాంకుకి పంపించాను. పాయింట్లు ఆమెతోనే పోతాయని ఫోనులో ఒకమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. పోనీ అన్నాను. అదే చేత్తో ఒపల్ దగ్గర డిపాజిట్ కట్టాను.

"ఏడాది ఓపిక పట్టండి, మీ పేరుతో ఒక మనిషి ఉన్నాడని లెక్కలోకి వస్తుంది. దీనికి పాయింట్లు రావు, తెలుసుగా?" అంది ఒపల్.

"తెలుసు."

ఏడాది ఓపిక ఇంటి కంపెనీకి లేదు. స్కోరు చూసి క్రిస్మస్ లోపే కాదన్నారు. టెర్రిల్ నన్ను వెధవ అని తిట్టి, మళ్ళీ వాడే షాపు మేడ మీద గది చూపించాడు. రబ్బరు వాసన.

సామాను మార్చిన వారం, గురువారం నాడు వాండాని కొట్టుకి తీసుకెళ్ళాను. కార్డు ఆపేశానని దారిలో చెప్పాను. విన్నట్టు లేదు. గల్లా దగ్గర పాత కార్డే తీసి గీకింది. మిషను కీచుమంది.

"తీసుకోవట్లేదు మామ్మా" అంది కౌంటర్లో పిల్ల.

"మళ్ళీ గీకు."

మళ్ళీ కీచుమంది. వెనక వరసలో ఎవరో కాళ్ళు మార్చుకుంటున్నారు. వాండా మిషను మీదికి వంగి, దాని చెవిలో చెప్తున్నట్టు చెప్పింది.

"నేనే. డొరీన్‌ని."

కౌంటర్లో పిల్ల నా వంక చూసింది. నేను నా కార్డు పెట్టాను. మిషను చాలాసేపు ఆలోచించింది. నేనెవరో దానికి ఇంకా తెలీదు. ఆఖరికి సరేనంది.

జేబులో డొరీన్ ఫోను ఉంది. అలవాటు కొద్దీ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. గుర్రుమనలేదు. వాండా రెండు కప్పులూ తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. ఒకటి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. నేను నిలబడే ఉన్నాను.