ఎవరికీ తల వంచని మొక్కలు

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్లో భంగు అనగానే పోలీసులు గుర్తొస్తారు. మన కొండ ఊరు మల్లా సిలోడలో మాత్రం అది నారతో గోనె, తాడు, గింజలతో చట్నీ. ఈ కథ మీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. తప్పు నాదే. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతాను. తెలియని చోట తెలియదనే అంటాను.

మన ఊరి ధనా రోజూ పొద్దున్నే రాగి రొట్టె తింటూ కొండ వాలున ఉన్న తన మెట్ల పొలం చుట్టి వచ్చేది. ఆమె గట్టు మీద నడుస్తుంటే, ఆమె చేత్తో విత్తిన మొక్కలన్నీ ఆమె వైపు వంగేవి. భంగు అంతే కదా, విత్తిన చేతిని మరిచిపోదు. ఆకులు చెంపకి తగులుతుంటే ధనా మోచేత్తో తోసేది.

"జరగండే, పనుంది. పొద్దున్నే ఏం గారాలు!"

డాక్టర్ రుక్మా పాంగ్తీకి ఆ బాధ లేదు. భంగు మీద పరిశోధన చేసేవాళ్లలో ఆమె మాటకి ఎదురు లేదు. మత్తు దాదాపు లేని, నార నిండుగా ఉండే విత్తనం కోసం పదకొండేళ్లు కష్టపడింది. అది మొదటిసారి పెద్ద పొలంలో పడింది మన ఊళ్లోనే. ఆ పదకొండేళ్లలో ఒక్క గింజ కూడా ఆమె తన చేత్తో విత్తలేదు. "నన్ను చూసి వంగితే ఎత్తెలా కొలవను?" అనేది. నిటారుగా నిలబడ్డ మొక్కల పక్కన కొలకర్ర పెట్టుకుంటూ పోయేది.

భాద్రపదంలో ఆబ్కారీ అధికారి కఫల్టియా కొలిచే పెట్టె పట్టుకుని వచ్చాడు. మత్తు సున్నా పాయింట్ మూడు శాతం దాటకూడదని చట్టం. పొలంలో పదిచోట్ల పూత తుంచి, కలిపి, పెట్టెలో వేశాడు. సున్నా పాయింట్ నాలుగు ఒకటి.

"మూడు రోజుల్లో మళ్లీ వస్తాను," అన్నాడు. "అప్పుడూ గీత దాటితే పొలమంతా పీకి తగలబెట్టాలి. లైసెన్సు ధనాదేవి పేరున ఉంది. కేసు ఆవిడ మీదే."

"సాబ్, నేనేం చేశాను?"

"నీ మీద నాకు కోపం లేదమ్మా. చట్టానికీ లేదు. అదే దాంతో వచ్చిన చిక్కు."

జీపు మలుపు తిరిగి వెళ్లిపోయింది. తర్వాత రుక్మా అంది, "నా విత్తనంలో ఇంత మత్తు లేదు. ఎవరో వేరేది కలిపారు."

విత్తిన తొమ్మిది మంది ఆడవాళ్లూ అక్కడే ఉన్నారు. వాళ్లలో గోపులికి మండింది.

"అంటే మేం దొంగలమా మేడమ్? మీ విత్తనం మీ గాజు గదిలో పుట్టింది. వెళ్లి ఆ గదినే అడగండి."

"అడగాల్సింది మొక్కల్ని," అంది ధనా. "ఒక్కొక్కరం నడుద్దాం."

నడిచారు. ఎవరు నడిస్తే వాళ్లవి వంగి లేచాయి. గోపులి నడిచినప్పుడు ఆమెవి మరీ వంగాయి. "చూశారా!" అని ఆమె రుక్మా వైపు చూసింది. తొమ్మిదో మనిషి కూడా గట్టెక్కింది. అయినా అక్కడక్కడా కొన్ని మొక్కలు ఎవరికీ తల వంచలేదు. బడి వదిలాక తీసుకెళ్లడానికి ఎవరూ రాని పిల్లల్లా నిలబడ్డాయి.

ధనా తలెత్తి ఇంటి పైకప్పు వైపు చూసింది. అత్త జైంతులి రాతి పలకల మీద మిరపకాయలు ఆరబోస్తోంది, మొహం అటు తిప్పుకుని. మొలకలు వచ్చిన రోజు నుంచి ఆమె పొలంలో కాలు పెట్టలేదు. మోకాలు నొప్పి అంది. రోజూ కొండ మీది ఊట దాకా ఎక్కి బిందెడు నీళ్లు మాత్రం తెస్తోంది. ఈ రెండు సంగతుల్నీ ధనా ఇప్పుడే పక్కపక్కన పెట్టి చూసింది.

"ఇజా, ఒకసారి కిందికి రా." మన దగ్గర కోడలు అత్తని కూడా అమ్మనే పిలుపుతోనే పిలుస్తుంది.

"మోకాలు."

"పొద్దున ఊట దాకా ఎక్కిన మోకాలేనా?"

"అది కుడిది. ఇది ఎడమది."

ధనా నవ్వలేదు. "ఇజా, నన్ను జైలుకి పట్టుకెళ్తారు."

మిరపకాయల మీద చేతులు ఆగిపోయాయి. జైంతులి నిచ్చెన దిగి వచ్చి గట్టు మీద అడుగు పెట్టింది. అంతసేపూ కదలని మొక్కలన్నీ, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఆమె వైపు వంగాయి.

"ఒక్క గుప్పెడే," అంది. "కొత్త పెళ్లికూతుర్ని ఒంటరిగా పంపిస్తామా, తోడు పంపమూ? కొత్త విత్తనమూ అంతే. మీరంతా ఇళ్లకి వెళ్లాక మా అమ్మ దాచిన పాత గింజల గోనెలోంచి తీసి చల్లాను. మా అమ్మా అలాగే చేసేది. ఎవరూ తప్పనలేదు."

రుక్మా వంగిన మొక్కలన్నిటినీ ఒకసారి చూసింది. "అన్నీ పీకాలమ్మా," అంది.

"నేను విత్తినవి నేనే పీకుతాను."

రెండు రోజులు పట్టింది. దగ్గరికి వెళ్తే ప్రతి మొక్కా తానే వంగి చేతికి అందేది. అందువల్ల పని తేలికైంది. అందువల్లే ఆమెకి కష్టమైంది. పీకినవన్నీ అప్పటికప్పుడే కాల్చేశారు. విత్తిన మనిషి పోతే ఆ మొక్కలు ఇక ఎవరికీ వంగకుండా నిటారుగా అయిపోతాయని మన ఊళ్లో అందరికీ తెలుసు. బతికుండగానే జైంతులికి వంగే మొక్క ఒక్కటీ మిగల్లేదని అందరూ అనుకున్నారు. ఆమె ఇంటికి వచ్చి అన్నం ముట్టకుండా పడుకుంది.

మూడో రోజు పెట్టె సున్నా పాయింట్ రెండు రెండు చూపించింది. ధనా కళ్లు తుడుచుకుంది. కఫల్టియా కలం తీసి, మళ్లీ ఆగాడు.

"మూడు రోజుల్లో ఏం మారింది డాక్టరుగారూ?"

మొదటిసారి పూత సరిగ్గా తీయలేదేమో అని రుక్మా ఒక్క అబద్ధం ఆడితే చాలు, అక్కడితో అయిపోయేది. ఆయన కూడా ఆ మాట కోసమే చూస్తున్నట్టు ఉన్నాడు. రుక్మా ఆ మాట అనలేదు.

"వేరే విత్తనం కలిసింది. తీసేశాం."

"ఎవరు కలిపారు?"

"నేను," అంది జైంతులి, వెనక నుంచి.

"అన్నీ తీసేశారా?"

ఆమె చూపు రాతి గోడ వైపు పోయింది.

"ఒకసారి పొలంలో నడవండమ్మా. నాదీ కొండ ఊరే. కాగితం కన్నా మొక్కనే నమ్ముతాను."

ధనా గబుక్కున అడ్డం వచ్చింది. "ఇజా, నీకు మోకాలు నొప్పి కదా!"

జైంతులి కోడలి మొహం చూసింది. "ఇవాళ లేదు," అంది.

మొదటి మెట్టులో ఏదీ వంగలేదు. రెండో మెట్టులోనూ లేదు. మూడో మెట్టు చివర, రాతి గోడ పక్కన, గింజ పడుతున్న ఒక ఆడ మొక్క మెల్లగా వంగి ఆమె భుజం మీద తల పెట్టింది.

"కనపడలేదా ఇజా?" ధనా గొంతు బతిమాలుతున్నట్టుంది. "కనపడలేదని చెప్పు."

"కనపడింది. చెయ్యి రాలేదు."

కఫల్టియా మొహం వాడిపోయింది. "గీత దాటితే మీ పేరు రాయాలి," అన్నాడు. కొస తుంచి పెట్టెలో వేశాడు. పావుగంట పడుతుంది. ఎవరూ కూర్చోలేదు. గోపులి వచ్చి ముసలామె మోచేయి పట్టుకుని నిలబడింది.

సున్నా పాయింట్ సున్నా నాలుగు.

ఆయన పెట్టెని అరచేత్తో చరిచి మళ్లీ కొలిచాడు. అదే. రుక్మా పెట్టె లాక్కుని చూసి, పొలం బురదలోనే కూర్చుండిపోయింది. పదకొండేళ్లుగా అంత చిన్న అంకె ఆమె ఎక్కడా చూడలేదు. కాల్చేసిన వాటిలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. కఫల్టియా "ఒక మొక్క, గీత లోపలే" అని రాసి సంతకం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ ఆకులో భంగు చట్నీ కట్టించుకున్నాడు.

ఆ మొక్కకి దోసెడు గింజలు వచ్చాయి. వైశాఖంలో రుక్మా వాటిని తెచ్చి జైంతులి దోసిట్లో పోసింది. జైంతులి సగం ఉంచుకుని సగం ఆమెకే తిరిగి ఇచ్చింది.

"నువ్వూ విత్తు. కొలవడం కష్టమైతే అయింది."

ఇవాళ లోయలో నార మిల్లుకి వెళ్లే పంటంతా ఆ దోసెడు గింజల సంతానమే. గింజలు పంచుకున్న ఆ ఏడే, శ్రావణంలో, రుక్మా కొలకర్ర పట్టుకుని పొలంలో నిలబడి ఉంది. తాను విత్తిన మొక్కలు ఆమె భుజాల మీద వాలి ఉన్నాయి. పక్క మెట్టులో జైంతులి విత్తినవి, ఆమె మంచాన పడ్డప్పటి నుంచి, ఎప్పుడూ లేనిది, ఇంటి వైపు వంగి ఉన్నాయి. ఉన్నట్టుండి అవన్నీ ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాయి. ఇంట్లో మంచం పక్కనే కూర్చున్న ధనా కన్నా ముందు, జైంతులి పోయిందని రుక్మాకే తెలిసింది. కొలకర్ర అక్కడే పడేసి ఇంటి వైపు పరుగెత్తింది.

పిల్లలూ, మీరు కుండీలోనైనా సరే, మీ చేత్తో ఏదో ఒకటి విత్తండి. భంగు మాత్రం వద్దు, మీ దగ్గరి చట్టం నాకు తెలియదు. మీ పిల్లలకి ఈ కథ చెప్పండి. అంకెలు మరిచిపోయినా పరవాలేదు. జైంతులి అన్న ఆ రెండు ముక్కలూ, "కనపడింది, చెయ్యి రాలేదు" అన్నవి, మార్చకుండా చెప్పండి.