పరీక్షకు సెలవు

తోటి కూలీ అబ్బుల్ని హార్బరు గేటు దగ్గర మెడపట్టి గెంటేసినప్పుడు వరహాలు అక్కడే ఉన్నాడు. ప్రైవేటుగా బి.ఏ. కట్టి, పరీక్షలు రాసొచ్చినందుకు ఆ శిక్ష. బస్తాలు మోసే గ్యాంగులో ఒక్కరూ అడ్డుపడలేదు. డెబ్బై ఏడులో మాట ఇది.

ఆ గ్యాంగుకో అలవాటుంది. ఒకడింట్లో చావో పురుడో అయితే వాడి వంతు బస్తాలు మిగతావాళ్ళు మోస్తారు. మారుమనిషిని రానివ్వరు. అబ్బులు విషయంలో మాత్రం ఆ పని చెయ్యలేదు. చదువుకున్నవాడు రేపు ఆఫీసరై మీ నెత్తినే కూర్చుంటాడని మేస్త్రీ నీలకంఠం చెవిలో ఊదితే నమ్మేశారు. గ్యాంగు అలా చీలడమే మేస్త్రీ వెనకున్న కంట్రాక్టరుకి కావలసింది.

ఏడాది తిరిగేసరికి వరహాలు వంతు వచ్చింది. పగలంతా ఓడలో ఎరువుల బస్తాలు మోసేవాడికి కాలేజీలో కూర్చునే యోగం ఎక్కడిది? ప్రైవేటుగా కట్టడమొక్కటే దారి. సెలవడిగితే, వెళ్ళినవాణ్ణి మళ్ళీ గేటు దాటనివ్వనన్నాడు మేస్త్రీ. ఇటు కూడు, అటు చదువు. పరీక్ష మానేస్తానని వరహాలు గ్యాంగుతో చెప్పేశాడు.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర పెద్ద రగడే అయింది. పరీక్షేమన్నా చావా, పురుడా అని ఒకరిద్దరు దెప్పారు. అందరిలోకీ పెద్దవాడు చలమయ్య టీగ్లాసు కింద పెట్టాడు.

"అబ్బులు నోటికాడ కూడు తీసింది మేస్త్రీ ఒక్కడే కాదురా, మనం కూడాను," అన్నాడు. "వరహాలూ, నువ్వు పరీచ్చకెల్లు. నీ వంతు మేం మోత్తాం."

మర్నాడు నీలకంఠం అందుకు ఒప్పుకోలేదు. మారుమనిషిగా సిరాజ్ అనే బయటి కూలీని తెచ్చాడు. సంగతి విన్న సిరాజ్ తుండుగుడ్డ దులిపి గ్యాంగు పక్కనే కూర్చున్నాడు. ఎవరూ ఓడలోకి దిగలేదు. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి అందర్నీ వ్యానెక్కించారు.

పరీక్ష రాసి బయటికొచ్చిన వరహాలుకి అబ్బులు ఎదురొచ్చి ఆ కబురు చెప్పాడు. గొడవకి మూలం వరహాలేనని మేస్త్రీ ఫిర్యాదు కూడా రాసిచ్చాడట. అయినా వరహాలు పరుగున స్టేషన్‌కెళ్ళాడు. పోలీసులు పోల్చుకోకముందే ఊచల వెనకనుంచి చలమయ్య కసిరాడు.

"రేపు ఇంకో పరీచ్చుంది కదేటి? నువ్వూ ఇక్కడే కూకుంటే మేం లోపలున్నదెందుకురా?"

వరహాలు కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగాడు. ఇక ఆ చదువు అతనొక్కడిదే కాదు. వదిలేసి పారిపోవడానికి లేదు.

మర్నాడు పొద్దున్న హార్బరులో ఏ గ్యాంగూ ఓడెక్కలేదు. స్టేషను ముందు ఆడా మగా బైఠాయించారు. పరీక్ష హాలు వాకిట్లో పోలీసు జీపు ఆగి ఉంది. ఎవరికోసమో వరహాలుకి తెలుసు. దాని పక్కనుంచే నడిచి లోపలికెళ్ళి, తన బల్ల వెతుక్కుని కూర్చుని, కలం మూత తీశాడు.