జింకు లోపం

“సంచినిండా పాలలాంటి మందు ఎక్కుతుంటే, ఇంకా ఈ చిన్న సీసా ఎందుకంట?” అన్నాడు నాగూర్ వలి, సిస్టర్ ఇచ్చిన చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ.

గుంటూరులో ఆ ఆసుపత్రిలో ఏ మందైనా రోగి వెంట ఉన్నవాళ్ళే కొని సిస్టర్ చేతికివ్వాలి. వలి భార్య జాన్‌బీకి పేగు చిల్లుపడితే కోసి కుట్టారు. నోట్లో నీళ్ళ చుక్క కూడా వేయకూడదు. తిండంతా మెడ దగ్గర నరంలోంచే. పెద్ద సంచి గేటు దగ్గర షాపులోనే దొరికేది. అందులో రోజూ కలపాల్సిన జింకు, రాగి లాంటివి ఉన్న చిన్న సీసాకి మాత్రం కొత్తపేట దాకా వెళ్ళాలి. వలి వెళ్ళలేదు. సిస్టర్ అడిగినప్పుడల్లా “స్టాకు లేదంట” అనేవాడు.

వారాలు గడిచేకొద్దీ జాన్‌బీ పెదవుల మూలలు చీలాయి. ముక్కు చుట్టూ చర్మం ఎర్రబడి పొరలుగా లేచింది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది. అత్త కరీమున్ దిష్టి అని తాయెత్తు కట్టి, “చూడ్డానికొచ్చినోళ్ళు జడుసుకుంటారు, ఆ మొహం మీద కొంగు కప్పుకోవే” అంది. జాన్‌బీ కప్పుకుంది. కొంగు కింద ఆలోచనలకేం తక్కువ లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మిరపతోటలో నారు పోసింది, కలుపు తీసింది, మందు కొట్టేటప్పుడు బిందెలతో నీళ్ళు మోసింది. కాయలు కోసి భగ్గుమంటున్న చేతులతోనే అందరికీ అన్నం వండింది. కడుపునొప్పి అన్నప్పుడు మాత్రం “మిరప నాటటం అవనీ, చూద్దాం” అన్నారు. నాటటం అయింది. పేగు అప్పటిదాకా ఆగలేదు. ఇదంతా తన రాతే అనుకుని సరిపెట్టుకుంది పిచ్చిది.

ఆ రోజు వలి చేతిసంచితో వచ్చి, పక్కమంచం ఆమె భర్తతో మాటల్లో పడ్డాడు.

“మా తోటలో లేతాకులు పసుపెక్కి చిన్నబోయాయన్నా. జింకు లోపం. చూడగానే పట్టేశా. పొద్దున్నే షాపులన్నీ తిరిగి తెచ్చా. ఇయ్యాళ కొట్టకపోతే తోట దెబ్బతినుద్ది.”

అప్పుడే వచ్చిన డాక్టరమ్మ, జాన్‌బీ మొహం మీది కొంగు తీయించి నిర్ఘాంతపోయింది.

“ఈమెకి జింకు కలపట్లేదా?”

“తెచ్చివ్వలేదండి” అంది సిస్టర్.

“అది లేకే మొహం ఇట్లా అయింది. ఇలాగైతే కుట్లు మానవు. లోపల విడిపోతే మనిషి దక్కదు. ఇవాళ్టికి నేను తెప్పిస్తాను, రేపట్నుంచి ఎవరు తెస్తారు?”

వలి తన చేతిసంచిని కాలితో మంచం కిందికి నెట్టాడు. “నేనే తెస్తానండి. ముందు పొలానికి మందు కొట్టించి...”

జాన్‌బీకి ఏడుపు రావాలి. కోపమొచ్చింది. ఒంట్లో ఇంకా ఇంత బలముందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

“సిస్టరమ్మా, చీటీ ఇకనించి నా చేతికివ్వు” అంది, పెదవులు మండుతున్నా. “ఎస్టీడీ బూత్ నించి చీరాల్లో మా అక్క గుల్షన్‌కి ఫోన్ చేయించు. మగ్గం ఆపి వచ్చేస్తుంది. మందులు ఆమే తెస్తుంది. నయమయ్యాక నేను పోయేదీ ఆమె ఇంటికే.”

“మరి నేనో?” అన్నాడు వలి.

“నువ్వు తోటకి పో. నీకు ఆకులైతే కనపడతాయి.”