లేని బ్రేకు

పలకరించడానికి వచ్చినవాళ్ళకు టీ ఇవ్వాలి కదా! కుడికాలికి మోకాలి దాకా కట్టు, చంకలో కర్ర. ఒంటికాలి మీద పొయ్యి దగ్గర నిలబడి ఆమె పొద్దుటినుంచి మూడోసారి పాలు కాస్తోంది. "కూర్చునే చేసుకోమ్మా" అని అత్తగారు స్టూలు తెచ్చి వేశారు. మంచి మనసే. టీ మాత్రం ఆవిడా పెట్టలేదు, ఆవిడ కొడుకూ పెట్టలేదు.

ముందుగదిలో భర్తగారి కథ మళ్ళీ మొదలైంది.

"ఎదురుగా లారీ వస్తోంది. నాకు కనపడలేదా ఏంటి? తప్పించేవాణ్ణే. ఈవిడ పక్కనుంచి కెవ్వుమంది. అంతే, చెయ్యి అదిరింది, బండి వెళ్ళి చెట్టుకు గుద్దుకుంది."

అయ్యో అయ్యో అన్నారు వచ్చినవాళ్ళు.

"పదేళ్ళుగా ఇదే గోల. నేను నడుపుతుంటే తనక్కడ కూర్చుని బ్రేకు తొక్కుతూ ఉంటుంది. లేని బ్రేకు!"

అందరూ నవ్వారు. "వద్దురా, ముందు బండిని దాటకు" అని ఆ రోజు వెనక సీట్లోంచి మొదట అన్నది అత్తగారే. ఇప్పుడు కొడుకు మొహం చూసి ఆవిడా నవ్వారు.

పదిరోజులుగా విని విని ఆమెకే అనుమానం పట్టుకుంది. అరిచినందుకు గుద్దుకుందా, గుద్దుకుంటుందని అరిచిందా? స్టీరింగు చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది, అయినా ఆమె చేతిలో ఏమీ లేదు. వెనక ఏడేళ్ళ పాప "అమ్మా" అన్న మాట సగంలో ఆగిపోయింది. పాపకు గీత కూడా పడలేదు. కానీ మూడోరోజున తల దువ్వుతుంటే జడలోంచి గాజుముక్క రాలింది.

కట్టు కట్టిన రోజు ఆస్పత్రిలో ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే ఎత్తి చూసి, "బండి మీరే నడిపారా?" అంది.

"కాదండీ, మావారు."

"ఈ దెబ్బ మామూలుగా నడిపేవాళ్ళకి తగులుతుందమ్మా. బలమంతా పెట్టి బ్రేకు తొక్కితే కాలు ఇలా విరుగుతుంది. మరి ఆయన కాలెలా ఉంది?"

"ఆయనకేం కాలేదండీ."

పక్కనే ఉన్న భర్త ఫోను చూసుకున్నాడు. బయటికి వచ్చాక, "డాక్టర్లు ఏదో ఒకటి అంటారు. ఇంట్లో చెప్పకు" అన్నాడు. ఆమె చెప్పలేదు. చెప్పి ఎవరితో గెలవగలదు? పాలు పొంగుతుంటే పొయ్యి తగ్గించి, కప్పులు సర్దింది.

మర్నాడు పొద్దున్నే ఆయన స్నేహితుడి కారు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. "ఎక్కండి. పాపను బడిలో దింపేసి, నీ కట్టు చూపించుకుని వద్దాం."

కాదనడానికి ఆమె దగ్గర ఏముంది? పాప ముందే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. బెల్టు పెడదామని ఆమె లోపలికి వంగింది. పాప రెండు చేతులతో సంచీని గట్టిగా పట్టుకుని ఉంది. కుడికాలు బిగదీసి, బూటు ముందు సీటుకేసి అదిమి పెట్టింది.

బండి ఇంకా కదలనే లేదు.

"దిగమ్మా" అంది ఆమె. "బడి మూడు వీధులేగా. మనం నడిచి వెళ్దాం."

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు ఆయన. "ఆ కాలితోనా?"

ఆమె చంకలో కర్ర సర్దుకుని, పాప చెయ్యి పట్టుకుంది.

"ఈ కాలితోనే."