రెండు పేర్ల బండి

ట్రాఫిక్ పోలీసు మా వ్యాను ఆపింది నా వంతు రోజునే. నా ఖర్మ అలాగే ఉంటుంది. వెనక ఆసుపత్రి దుప్పట్లు నిండా ఉన్నాయి, తొమ్మిదికల్లా అందించాలి.

"రిజిస్ట్రేషన్ గడువు తీరి రెండు నెలలైంది, తెలుసా అమ్మా?"

తెలియదని చెబుదామనుకుంటూనే కాగితాల కోసం డాష్‌బోర్డు అర తెరిచాను. రెన్యువల్ నోటీసు జారి నా ఒళ్లో పడింది. అతను చెయ్యి చాపి అందుకున్నాడు. దాని అంచుల్లో పెన్సిలు రాతలున్నాయి. "ఇది వచ్చింది నీ రోజున, నువ్వే చూసుకో" అని నేను. "గడువు తీరేది నీ రోజున, నువ్వే చూసుకో" అని కింద తమ్ముడు. మళ్ళీ నేను, మళ్ళీ వాడు. ఖాళీ అయిపోయాక వెనకవైపు కూడా రాసుకున్నాం.

"ఈ రెండో రాత ఎవరిది? మాట్లాడుకోరా?" అన్నాడతను నవ్వాపుకుంటూ.

"మా తమ్ముడిది. మాట్లాడుకుని మూడేళ్లయింది."

ఇక నవ్వలేదు. చలానా రాసిచ్చి, వారంలోగా రెన్యువల్ కాకపోతే బండి తీసుకుపోతామన్నాడు. బండి పోతే ఆసుపత్రి పని పోతుంది. నాకున్నది ఆ ఒక్క పనే.

వ్యాను నాన్నది. మా ఇద్దరి పేరా రాయించి పోయాడు. ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లి నాన్నని నువ్వే పోగొట్టావని తమ్ముడు పదిమందిలో నన్నన్నాడు. నేనూ తక్కువ తినలేదు, నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పట్నుంచి రోజు విడిచి రోజు బండి. నా లాండ్రీ నాది, వాడి కూరగాయల బేరం వాడిది. ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేకుండా తాళం మెకానిక్ బాబాయ్ షాపులో మేకుకు వేలాడుతుంది.

ఆర్టీవో ఆఫీసులో సగం రోజు నిలబడితే, కౌంటరు వెనకావిడ నా మొహమైనా చూడకుండా "ఇద్దరూ రావాలి" అంది. కాళ్లీడ్చుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

"రేపు పదింటికి ఆఫీసుకి రమ్మని వాడికి చెప్పు బాబాయ్."

"నువ్వే చెప్పొచ్చుగా తల్లీ?"

"చెప్పగలిగితే నీ దాకా ఎందుకొస్తాను?"

మర్నాడు తమ్ముడు వచ్చాడు. చిక్కిపోయాడు, చెవుల పక్కన జుట్టు తెల్లబడింది. నా వెనక నిలబడడం ఇష్టంలేక ఒక పెద్దాయన్ని బతిమాలి మా మధ్య నిలబెట్టుకున్నాడు. రెండు గంటల పాటు ఆయన దగ్గు మాత్రం విన్నాను.

తీరా కౌంటరు దగ్గరికి చేరాక, నేను నోరు తెరిచేలోపే తమ్ముడు ముందుకొచ్చాడు.

"నా పేరు తీసేయండి. మొత్తం ఆవిడ పేరు మీదే రాయండి. నాకు వేరే బండి దొరికింది."

ఆవిడట! చిన్నప్పుడు వీణ్ణి చంకనేసుకుని తిరిగింది ఈ ఆవిడే.

బండి మొత్తం నాదైతే ఎంత బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు అడక్కుండానే చేతికొస్తుంటే మాత్రం వద్దనిపించింది. రేపట్నుంచి పెన్సిలుతో పోట్లాడుకోవడానికైనా వీడుండడు. ఉన్నాడో లేడో కూడా ఇక నాకు తెలియదు.

"తీసేయొద్దు" అన్నాను.

"ఆయనే వదులుకుంటానంటే మీకేం నష్టమండీ?" అంది కౌంటరావిడ. "త్వరగా తేల్చండి, వెనక లైనుంది."

"ఒక్క పేరే ఉంటే వీడు మళ్ళీ నాకు కనబడడు!"

అరిచినట్టే వచ్చింది. లైనంతా విన్నది. సిగ్గేం వెయ్యలేదు. మూడేళ్లు ఊరుకుని ఊరుకుని అలిసిపోయానంతే.

పెద్దాయన దగ్గు కూడా ఆపుకున్నాడు. కౌంటరావిడ రెన్యువల్ ఫారం ఇటు తోసింది. నేను సంతకం చేసి పెన్ను బల్ల మీద పెట్టాను. కాసేపటికి తమ్ముడు దాన్ని అందుకుని, నా పేరు కింద ఖాళీగా ఉన్న గీత మీద ఆనించాడు.

"ఇక్కడేనా అక్కా?" అన్నాడు, తలెత్తకుండానే.

"ఇక్కడే" అన్నాను.