తెరకు పట్టని మూల

మాది హోటళ్ళ బట్టలు ఉతికే లాండ్రీ. మధ్యాహ్నం పూట అక్కడ అన్నీ తెల్లగా ఉంటాయి. దుప్పట్లు, గలీబులు, ఆవిరి, కిటికీలోంచి పడే ఎండ. ఇస్త్రీ మెషీన్ రోలర్ల మధ్యనుంచి దుప్పటి వేడివేడిగా దిగుతుంటే ఒక కొస నేను, ఇంకో కొస పెద్దక్క పట్టుకుని వెనక్కి నడుస్తాం. విదిలించి, మళ్ళీ ఎదురెదురుగా నడిచి మడత పెడతాం. కొసలు కలిసినప్పుడు ఒక మాట, దూరం జరిగినప్పుడు మౌనం. అదే అలవాటైపోయి, బయట సంతలో కలిసినా ముక్కలు ముక్కలుగానే మాట్లాడుకుంటాం.

పెద్దక్క నాకు బంధువు కాదు. లాండ్రీలో అందరికంటే ముందు చేరింది కాబట్టి అందరికీ పెద్దక్కే.

మెషీన్ పక్కన గూట్లో నా ఫోను నిలబెట్టి ఉంటుంది. అందులో పిల్లల గది కనిపిస్తుంది. మా పాప గవ్వను పొద్దున్నే అక్కడ దించి పనికొస్తాను. నిద్రలో కూడా కళ్ళు పూర్తిగా మూయదు, గవ్వలా సన్నని గీత తెరిచే ఉంచుతుంది. అందుకని పుట్టిన వారానికే దానికా పేరు పడింది. ఇప్పుడు మాటలు బాగా వచ్చాయి, పిలక జడలు వేసేంత జుట్టొచ్చింది. గది వాళ్ళు గోడ మీద కెమెరా పెట్టి, తల్లులందరికీ ఒక యాప్ ఇచ్చారు. శబ్దం రాదు. బొమ్మ మాత్రమే.

పాత ఫోనులో గది మొత్తం కనిపించేది. గవ్వ ఎప్పుడూ కెమెరా ఉన్న గోడకే వీపు ఆనించి, సరిగ్గా దాని కిందే కూర్చునేది. అందుకని నాకు దాని మొహం ఎన్నడూ కనిపించలేదు. తెర అడుగున దాని నెత్తి, నేను తీసిన పాపిడి, రెండు పిలకలు, చాచిన కాళ్ళు. అంతే. నాకది చాలు. పిలకలు ఊగితే ఆడుతోంది. ఊగకపోతే ఆలోచిస్తోంది. ఒకటి వదులైతే ఎవరో లాగారు. ఆ పిలకలు చూస్తూ దుప్పట్లు మడతపెడితే సాయంత్రం దానంతటదే వచ్చేసేది.

ఆ ఫోను గంజి తొట్టిలో పడి చచ్చిపోయింది. మా ఆయన లారీ దిగి రాగానే కొత్తది తెచ్చాడు. మొహం చేటంత చేసుకుని నా చేతిలో పెట్టాడు.

"చూడు, ఎంత పొడుగో! అంచుల దాకా తెరే. చుట్టూ ఆ నల్ల చట్రమే లేదు."

నిజంగానే అందంగా ఉంది, చేతిలో నీళ్ళు పట్టుకున్నట్టుంది. కానీ మర్నాడు లాండ్రీలో యాప్ తెరిచేసరికి గది తెగిపోయి ఉంది.

ఆ యాప్ పాత ఫోన్ల కొలతకి కుట్టినది. కొత్త ఫోను అడ్డంగా తిప్పితే వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. వెడల్పంతా నింపాలని యాప్ బొమ్మను పెద్దది చేసేది. పెద్దదైన బొమ్మలో పైనుంచి ఒక పట్టీ, కిందినుంచి ఒక పట్టీ తెర బయటికి పోయేవి. పై పట్టీలో ఫ్యాను. పోతే పోనీ. కింది పట్టీలో మా గవ్వ.

వేలితో పైకి జరిపి చూశాను. బొమ్మ రబ్బరులా కాస్త సాగి, వదలగానే టక్కున చోటికి పోయేది. ఫోను నిలువుగా తిప్పితే గదంతా అగ్గిపెట్టె అంత అయ్యేది, అందులో పిల్లలు అగ్గిపుల్లల తలకాయలు. ఆపి మళ్ళీ వేశాను. తీసేసి మళ్ళీ పెట్టాను. ఎవరెవరి పిల్లలో గది మధ్యలో పెద్దగా, స్పష్టంగా, ముక్కు చీమిడితో సహా కనిపిస్తున్నారు. నా పిల్ల లేదు.

"ఫోను ఏపుగా పెరిగింది, యాప్ ఇంకా పోయినేటి గౌనులోనే ఉంది," అని నవ్వాడు మా ఆయన ఫోన్లో. "పైకి లాగితే మోకాళ్ళు, కిందికి లాగితే భుజాలు."

"మీకు నవ్వులాటగానే ఉంటుంది. ఆ గౌనులోంచి బయటపడింది మన పిల్ల."

"రెండ్రోజుల్లో సరిచేస్తార్లే. కొత్త ఫోన్లొచ్చినప్పుడల్లా ఇది మామూలే."

చేయలేదు. యాప్ వాళ్ళకి రాశాను. చదువు మధ్యలో ఆగిన దాన్ని, రాసింది చెరిపి, చెరిపింది రాసి, చివరికి 'మా పాప కింద ఉంది, కనిపించడం లేదు, దయచేసి కిందికి కూడా చూపించండి' అని పంపాను. జవాబొచ్చింది. కొత్త తెరలకు తగిన మార్పులు జరుగుతున్నాయట, అంతవరకు ఓపిక పట్టగలరట.

"పట్టగలరా అని అడిగారా, పట్టగలరని వాళ్ళే తేల్చేశారా?" అంది పెద్దక్క కొస కలుపుతూ.

దూరం జరిగాం. దగ్గరికొచ్చాం.

"తేల్చేశారక్కా."

కొన్నాళ్ళకి అప్‌డేట్ వచ్చింది. చేతులు తుడుచుకుని ఆత్రంగా తెరిచాను. యాప్ గుర్తు నీలం నుంచి ఆకుపచ్చకు మారింది. గది మాత్రం ఎప్పటిలాగే కాళ్ళ దగ్గర తెగిపోయి ఉంది.

"ఇల్లు కురుస్తోందంటే గుమ్మానికి రంగేశారన్నమాట," అంది పెద్దక్క.

నాది మొదటినుంచీ పిరికి ప్రాణం. కనిపించే దానికి ఒక భయమైతే కనిపించని దానికి వంద. తెర కిందనున్న ఆ పట్టీ జానెడు నేల అని నాకు తెలుసు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి చూస్తున్నదే. కానీ ఆవిరిలో నిలబడి తలచుకుంటుంటే అది పెరిగేది. ఫోను కింది అంచు దగ్గర మొదలై ఎటో పోయేది. ఒక్కోసారి అక్కడ మెట్లుండేవి, దిగుతున్నకొద్దీ చల్లగా. ఒక్కోసారి నీళ్ళు. ఆ నీళ్ళ ఒడ్డున గవ్వ కాళ్ళు చాచుకుని కూర్చుని ఉండేది, నేను పిలిస్తే వినపడనంత దూరంలో. చేతిలో దుప్పటి తెల్లగా ఉబ్బి దిగేది. దాని కింద ఎవరైనా ఉన్నారేమోనని ఎత్తి చూసేదాన్ని.

"కొస వదిలేశావ్," అనేది పెద్దక్క.

చివరికి ఒక పొద్దున గుమ్మం దగ్గర ఆయమ్మను అడిగేశాను. పిల్లల గది చూసుకునేది ఆమే. లావుపాటి మనిషి, నవ్వితే బుగ్గలు కళ్ళను మింగేస్తాయి.

"ఆయమ్మా, దీన్ని కొంచెం గది మధ్యలో కూర్చోబెట్టవా? నాకు ఫోన్లో కనిపించడం లేదు."

"దానికా మూలే ఇష్టమమ్మా."

"యాప్ బాగయ్యేదాకానే. నీకు పుణ్యముంటుంది."

ఆయమ్మ ఒక ఎర్ర చాప తెచ్చి గది నడిమధ్య వేసింది. నేను వంగి గవ్వ చెవిలో చెప్పాను. "ఈ చాప మీద కూర్చుంటే అమ్మకి కనిపిస్తావు. నేను చూస్తూనే ఉంటాను, సరేనా?"

గవ్వ చాపను చూసింది, పైన కెమెరాను చూసింది. తలూపింది.

ఆ రోజు లాండ్రీలో నా అంత సుఖపడ్డ మనిషి లేదు. ఎర్ర చాప, దాని మీద నా పిల్ల. మొదటిసారి మొహం కూడా కనిపించింది. అప్పుడప్పుడూ తలెత్తి కెమెరాలోకి చూసేది. నన్నే చూస్తున్నట్టుండేది. నేను చెయ్యూపేదాన్ని. పెద్దక్క కూడా ఒకసారి ఊపింది, ఊపి, "దానికి మనం కనపడం కదే," అని తనే నవ్వుకుంది.

అలా రోజులు గడిచాయి. ఇంట్లో ఒక సాయంత్రం నేను స్టవ్వు దగ్గరున్నాను. గవ్వ తలుపు వెనక్కి పోయింది. ఎప్పుడూ ఆడే ఆటే కదా, వెతుకుతున్నట్టు నటిద్దామని, "ఏదీ మా గవ్వ, ఎక్కడా లేదే," అన్నాను. నవ్వు వినిపించలేదు. బయటికొచ్చి, వంటింటి నడుమ నిలబడి అడిగింది.

"అమ్మా, ఇక్కడ కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నావు తల్లీ."

రెండడుగులు పక్కకు వేసింది. "ఇక్కడ?"

"ఎక్కడున్నా కనిపిస్తావే."

నమ్మలేదు. మళ్ళీ మధ్యకొచ్చి కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. నేను గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. అడుగంటిన వాసన వచ్చాక గాని కదల్లేదు.

మర్నాడు లాండ్రీలో రోలరుకు చుట్టిన గుడ్డ మారుస్తున్నారు. మెషీన్ చల్లారేదాకా, కొత్త గుడ్డ చుట్టేదాకా మాకు పని లేదు. తెరలో గవ్వ చాప మీద ఉంది. చుట్టూ పిల్లలు రైలాట ఆడుతున్నారు. రైలు దాని చుట్టూ తిరిగి తిరిగి పోతోంది. ఒక పిల్ల ఆగి చెయ్యి పట్టి లాగింది. గవ్వ తల అడ్డంగా ఊపి, పైకి, నా వంక చూసింది.

"అక్కా, వెళ్ళొస్తాను."

"పో. సూపర్‌వైజరు అడిగితే కడుపునొప్పి అంటాను."

"నాకే నొప్పీ లేదక్కా."

"నాకుందంటాను. నువ్వు మందుకి వెళ్ళావంటాను. పో ముందు."

పగటిపూట నేనా గదిలోకి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. లోపల నిద్రలా ఉంది. కర్టెన్లు దించిన వెలుతురు, పాల వాసన, రైలాట ఆడి అలిసి అక్కడక్కడా పడుకున్న పిల్లలు. గవ్వ మాత్రం చాప మీద మఠం వేసుకుని ఉంది. ఆయమ్మ నన్ను చూడగానే గుమ్మం దగ్గరికే వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"నేనే చెబుదామనుకుంటున్నానమ్మా. ఒంటికి కూడా లేవనంటోంది. 'అమ్మ చూస్తోంది, నేను లేస్తే భయపడుద్ది' అంటోంది. నిన్న చాప తడిపేసింది. దాని తప్పేముంది పాపం."

భయపడుద్ది అంది. భయపడేది ఎవరో మా గవ్వకు బాగా తెలుసు. తెరకు సరిపోయేలా యాప్‌ను మార్చలేక నేను పిల్లను కత్తిరించి కూర్చోబెట్టాను. అది కూడా నా కొలతకు సరిపోవాలని ఊపిరి బిగబట్టి కూర్చుంది.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. గవ్వ నన్ను చూసింది, కెమెరాను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. అందులోంచి ఎలా దిగొచ్చానా అన్నట్టు.

"నీ మూల చూపించవా నాకు?" అన్నాను.

"మరి కనిపించం కదా?"

"కనిపించకపోతే ఏం? ఇద్దరం అక్కడే ఉంటాం కదా."

లేచి నా వేలు పట్టుకుని నడిచింది. నా ఊహలో మెట్లూ నీళ్ళూ ఉన్న చోటు అదే. అక్కడ ఒక గోడుంది, అంతే. వీపు ఆనించాను. గోరువెచ్చగా ఉంది. అవతల వేన్నీళ్ళ గొట్టం పోతోందట, తర్వాత ఆయమ్మ చెప్పింది. గవ్వ నా తల పట్టుకుని చెవి గోడకి ఆనించింది.

మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో లోపల నీళ్ళు కదిలాయి. సన్నగా మొదలై, దగ్గరికొచ్చి, నా చెవి పక్కనుంచి దాటి, పైకెళ్ళిపోయాయి.

"అది ముసలాయన," అంది గవ్వ గుసగుసగా. "మెట్లెక్కుతున్నాడు. ఆయనకి దగ్గు."

గొట్టం నిజంగానే దగ్గింది.

"ఇప్పుడు ఆవిడొస్తుంది చూడు. గాజులావిడ."

గలగలమని ఏదో దిగిపోయింది. ఇన్నాళ్ళూ నేను పిలకలు లెక్కపెట్టుకుంటూ, ఊగకపోతే ఆలోచిస్తోంది అనుకున్నాను. వింటోందన్నమాట. నా తెరకు శబ్దం లేదు. కింది పట్టీ ఉన్న రోజుల్లో కూడా నేను దీన్ని చూడలేదు.

ఆ వెచ్చదనానికి నా కళ్ళు మూతలు పడ్డాయి. ఎంతసేపో తెలియదు. పిల్లలందరూ ఒక్కొక్కరే లేచి వచ్చి మా పక్కన గోడకి చెవులానించుకున్నట్టు, మేమంతా ఒక పెద్ద ఇంట్లో వేరే ఎవరివో అడుగులు వింటున్నట్టు అనిపించింది. అందులో కొంత నిజంగానే జరిగిందని ఆయమ్మ చెబుతుంది.

వెళ్ళేముందు నేనే ఎర్ర చాప చుట్టి ఆయమ్మ చేతికిచ్చాను.

"యాప్ బాగైందా అమ్మా?"

"లేదు. ఎప్పుడవుతుందో వాళ్ళకే తెలియదు. దీన్ని దాని చోట ఉండనీ ఆయమ్మా."

భయం పోయిందని చెప్పను. మర్నాడు మెషీన్ తిరగడం మొదలుపెట్టగానే చెయ్యి దానంతటదే గూటివైపు పోయింది. తెరలో ఎవరెవరో పిల్లలు, ఖాళీ నేల. గుండె ఎప్పటిలాగే ఒక మెట్టు జారింది. యాప్ వాళ్ళకు మళ్ళీ రాశాను, ఈసారి కాస్త గట్టిగానే. ఓపిక పట్టగలనని మళ్ళీ వాళ్ళే తేల్చారు. ఫోను బోర్లా పెట్టి కొస అందుకున్నాను.

"ఏం చేస్తోందట?" అంది పెద్దక్క.

వెనక్కి నడిచాం. దుప్పటి మా మధ్య తెల్లగా ఊగింది. దగ్గరికొచ్చాం.

"తెలియదక్కా. సాయంత్రం అడుగుతాను."

సాయంత్రం గుమ్మం దగ్గర గవ్వను ఎత్తుకోగానే, బువ్వ తిన్నావా, ఎవరైనా కొట్టారా, ఎక్కడైనా పడ్డావా అని రోజూ అడిగేవన్నీ నోటిదాకా వచ్చాయి. మింగేశాను.

"గోడలో ఏమైందే ఇవాళ?" అన్నాను.

అది దిగుతానంది. కథ చెప్పాలంటే చేతులు ఖాళీగా ఉండాలట. దించాను. ముసలాయన దగ్గు తగ్గిందట. గాజులావిడ పైన ఇల్లు మారుతోందట, సామానంతా ఒక్కతే మోస్తోందట, మధ్యలో ఏదో పగిలిందట.

"ఏం పగిలింది?"

"చెబుతా ఉండు."

ఆగి, చేతులు చాచి ఎంత పెద్దదో చూపించింది. వీధి దీపాలు వెలిగాయి. నేను వంగి, దాని నోటి దగ్గరికి చెవి పెట్టి నడుస్తున్నాను. మా సందు ఎప్పుడో దాటిపోయాం.